డింటన్ పాశ్చర్స్‌లో ప్రశాంతంగా గడపాలంటే ఏది మేలు: బ్లాక్ స్వాన్ సరస్సా, లావెల్స్ సరస్సా?

ఇంగ్లండ్‌లో రెడింగ్, వోకింగమ్ చుట్టుపక్కల ఉండే మన తెలుగువాళ్లకు డింటన్ పాశ్చర్స్ బాగా తెలిసిన పార్కే. పిల్లల్ని తీసుకెళ్లి, బ్లాక్ స్వాన్ సరస్సు గట్టున కాసేపు నడిచి, కేఫ్‌లో ఏదైనా తిని వచ్చేస్తాం. ప్రశాంతత కోసం వెళ్తున్నాం అనుకుంటే మాత్రం శాండ్‌ఫర్డ్ లేన్ దాటి లావెల్స్ సరస్సు దాకా వెళ్లాలి అంటాను నేను. ఎందుకో చెప్తాను.

ముందు ఈ నీళ్లు ఎక్కడివో చూద్దాం. లాడన్ నది పక్కనున్న ఈ పొలాల్లో 1970ల్లో కంకర తవ్వారు. ఎం4, ఏ329(ఎం) రోడ్లు వేయడానికి అది వెళ్లింది. తవ్వినన్నాళ్లూ పంపులు పెట్టి నీళ్లు తోడతారు. పని అయిపోయి పంపులు ఆపేస్తే భూగర్భజలం పైకి వచ్చి గుంత నిండిపోతుంది. పైనుంచి బురద తెచ్చే కాలువ లేకపోతే ఆ నీళ్లు తేటగా కూడా ఉంటాయి. 1979లో ఇది పార్కుగా తెరుచుకుంది.

గుంత నిండాక దాన్ని దేనికి వాడతారన్న దగ్గరే తేడా వస్తుంది. బ్లాక్ స్వాన్ వీటన్నిటిలో పెద్దది. సెయిలింగ్, కయాకింగ్ అన్నీ అక్కడే. బడికి వెళ్లే పిల్లలుంటే ఇదే సరైన చోటు, అందులో సందేహం లేదు. స్ట్రోలర్ తోసుకుంటూ నడవొచ్చు, పిల్లలు గట్టిగా అరిచినా ఎవరూ ఏమీ అనుకోరు. పక్షులు లేవని కాదు. వసంతకాలంలో తలపై జుట్టున్న పెద్ద మునుగుడు కోళ్లు ఎదురెదురుగా వచ్చి తలలు ఆడించడం ఇక్కడా కనిపిస్తుంది. తర్వాత వాటి పిల్లలు తల్లి వీపెక్కి తిరుగుతాయి, ఆ చిన్న తలల మీద నలుపు తెలుపు చారలు ఉంటాయి. అయితే పడవలు దిగాయంటే పక్షులు దూరం జరిగిపోతాయి.

లావెల్స్ సంగతి వేరు. ఇది పక్షుల కోసమే ఉంచిన నీళ్లు. పడవలు ఉండవు, ఒడ్డున రెల్లు ఒత్తుగా ఉంటుంది, అక్కడక్కడా నీళ్లు లోతు తక్కువ. ఒడ్డు నిటారుగా దిగిపోయే గుంతలో కొంగ నిలబడలేదు, చిన్న పక్షికి బురదలో పురుగు దొరకదు. అందుకే ఏ కంకర గుంతలోనైనా పక్షులకు పనికొచ్చేది నీటి విస్తీర్ణం కంటే ఆ ఒడ్డే. ఇక్కడ చూడటానికి చెక్కతో కట్టిన గదులున్నాయి, వాటిని హైడ్లు అంటారు. లోపల బెంచీ మీద కూర్చుని సన్నటి కిటికీలోంచి చూడాలి. మనం వాటికి కనపడం కాబట్టి నారాయణ పక్షి, లకుముకి పిట్ట బాగా దగ్గరికి వస్తాయి. చలికాలంలో బిట్టర్న్ కూడా వస్తుంది. రెల్లు రంగులోనే ఉండే గోధుమ రంగు కొంగ అది. అలికిడైతే ముక్కు ఆకాశం వైపు ఎత్తి, కదలకుండా నిలబడిపోతుంది, కళ్ల ముందే ఉన్నా కనిపెట్టలేం. 1997లో బ్రిటన్ మొత్తం మీద కూత పెట్టే మగ బిట్టర్న్‌లు 11 మాత్రమే మిగిలాయి. అలాంటి పక్షి మన ఇళ్లకు ఇంత దగ్గర్లో చలికాలం గడుపుతోందంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

నాటింగమ్ దగ్గర అటెన్‌బరో అనే ప్రకృతి సంరక్షణ ప్రాంతంలోనివి కూడా ఇలాంటి కంకర గుంతలే. 1966లో, టీవీలో ప్రకృతి కార్యక్రమాలు చేసే డేవిడ్ అటెన్‌బరో దాన్ని ప్రారంభించారు. చాలా పెద్దది, చాలా బాగుంటుంది, కానీ ఇక్కడి నుంచి ఒక రోజు ప్రయాణం పెట్టుకోవాలి.

కాబట్టి నా మాట ఇది: ఐదారేళ్ల పిల్లలుంటే బ్లాక్ స్వాన్. పెద్దవాళ్లే వెళ్తున్నా, ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినా లావెల్స్. కూర్చోడానికి బెంచీ, తలపైన కప్పు ఉంటాయి కదా, వాళ్లకు సుఖం. పక్షులకైతే చలికాలమే మేలు. లాడన్ పొంగితే దారులు బురదవుతాయి, బూట్లు వేసుకెళ్లండి. హైడ్‌లో ఫోన్ సైలెంట్‌లో పెట్టండి. ఎండాకాలంలో ఎంత వేడిగా ఉన్నా ఏ సరస్సులోనూ సరదాకి ఈతకు దిగొద్దు. పైన వెచ్చగా అనిపించినా, కంకర గుంతల్లో లోతు ఉన్నట్టుండి పెరుగుతుంది, అడుగున నీళ్లు చల్లగా ఉంటాయి. ఈత బాగా వచ్చినవాళ్లకు కూడా ఆ చలికి ఊపిరి పట్టు తప్పుతుంది.