స్టాటిస్టిక్స్ మేజర్‌తో విమెన్ అండ్ జెండర్ స్టడీస్ మైనర్ చేశా, నా రివ్యూ

నా మేజర్ స్టాటిస్టిక్స్. దానికి తోడు విమెన్ అండ్ జెండర్ స్టడీస్ మైనర్ తీసుకుని మొన్ననే 6 కోర్సులూ పూర్తి చేశా, తీసుకోవచ్చా అన్నా అని జూనియర్లు ఒకరి తర్వాత ఒకరు అడుగుతున్నారు కాబట్టి అంతా ఒకేచోట రాసేస్తున్నా. 5కి 4 ఇస్తా. ఆ ఒక్కటి ఎందుకు కోశానో చివర్లో చెప్తా.

ఇది ఆడపిల్లల సబ్జెక్టు అనే మాట చాలాసార్లు విన్నా. మా క్లాసులో 30 మందిలో మగపిల్లలం నలుగురమే. కానీ మొదటి నెలలోనే నా మేజర్ పుస్తకాల్లో ఎవరూ చెప్పని విషయం ఒకటి ఇక్కడ దొరికింది, శాంపిల్ అంటే ఎవరు అని. అమెరికాలో 1977లో వచ్చిన ఒక మార్గదర్శకం వల్ల పిల్లలు పుట్టే వయసున్న ఆడవాళ్లని మందుల తొలిదశ ట్రయల్స్‌కి దూరం పెట్టారు, 1993లో గానీ అది మారలేదు. జోల్పిడెమ్ అని ఒక నిద్రమాత్ర ఉంది. అది ఆడవాళ్ల ఒంట్లోంచి నెమ్మదిగా పోతుంది, దాంతో పొద్దున లేచి బండి నడిపే టైముకి కూడా రక్తంలో ఎక్కువే ఉంటోందని తేలి 2013లో వాళ్ల డోసు 10 మిల్లీగ్రాముల నుంచి 5కి తగ్గించమన్నారు. అప్పటికి ఆ మందు మార్కెట్లోకి వచ్చి 20 ఏళ్లు! సగటు తీసేటప్పుడు ఆ సగటు ఎవరిది అని అడగడం నాకు అప్పట్నుంచే అలవాటైంది.

ఇంటర్‌సెక్షనాలిటీ (జాతి, లింగం లాంటివి కలిసి ఒకే మనిషి మీద పడే వివక్ష) అనే మాట వినగానే భయపడే వాళ్లకి నేను చెప్పేది ఏంటంటే, స్టాట్స్ వాళ్లకి అది ఇట్టే ఎక్కుతుంది. 1989లో అమెరికా న్యాయ పండితురాలు కింబర్లీ క్రెన్షా ఆ పదం వాడుతూ చూపించిన వాటిలో 1976 నాటి కోర్టు తీర్పు ఒకటి. ఒక కార్ల కంపెనీలో చివర చేరినవాళ్లని ముందు తీసేస్తాం అన్న రూల్ వల్ల ఉద్యోగాలు పోయిన నల్లజాతి ఆడవాళ్లు అయిదుగురు కేసు వేశారు. కంపెనీ ముందునుంచీ ఆడవాళ్లని తీసుకుంటూనే ఉంది కదా అంది కోర్టు, ఆ తీసుకున్నవాళ్లు తెల్లవాళ్లు. జాతినీ లింగాన్నీ కలిపి ఒకే ఫిర్యాదు చేయడానికి వీల్లేదు అని కూడా అంది. అంటే టేబుల్‌లో వరస మొత్తం, నిలువు మొత్తం చూసి సరిపెట్టుకుని, మధ్యలో ఖాళీగా ఉన్న నల్లజాతి ఆడవాళ్ల గడిని ఎవరూ చూడలేదన్నమాట. రిగ్రెషన్‌లో ఇంటరాక్షన్ టర్మ్ (రెండు అంశాలు కలిసినప్పుడు వచ్చే అదనపు ప్రభావాన్ని పట్టేది) ఎందుకు పెడతామో నాకు మా మేజర్ క్లాసులో కన్నా ఇక్కడే బాగా అర్థమైంది.

ఇక నాకు అన్నిటికన్నా నచ్చింది టైమ్ డైరీ ఎసైన్‌మెంట్. ఇంట్లో ఒకరిని ఎంచుకుని వారం పాటు 10 నిమిషాలకో గడి చొప్పున ఏం చేశారో రాయాలి, అసలు పని ఒక కాలమ్, దాంతోపాటు చేస్తున్న పని ఇంకో కాలమ్. నేను మా అమ్మని తీసుకున్నా. సాయంత్రం టీవీ ముందు కూర్చుంది కదా అని విశ్రాంతి అని రాశా, రెండో రోజు చూస్తే ఆ గంటంతా బట్టలు మడతపెడుతూనే ఉంది, మధ్యలో చెల్లి డౌట్లు తీరుస్తోంది, మరి దీన్ని ఏ కాలమ్‌లో వెయ్యాలి? ఆ రాత్రి మొదటి రోజు షీటు చింపేసి మళ్లీ మొదలుపెట్టా. 1934లో అమెరికా జాతీయాదాయం లెక్కకట్టిన సైమన్ కుజ్నెట్స్ కూడా గృహిణుల పనిని లెక్కలో కలపలేదని తన రిపోర్టులోనే రాశారు. అదే పనికి మనిషిని పెట్టి జీతమిస్తే జీడీపీలోకి వస్తుంది, అమ్మ చేస్తే రాదు. ఈ ముక్క ఎకనామిక్స్ పుస్తకంలో ఎప్పుడో చదివా, కానీ డైరీ రాశాకే తలకెక్కింది.

ఇప్పుడు ఆ పోయిన మార్కు సంగతి. థియరీ పేపర్ మా దగ్గర బాగా చెప్పలేదు. జెండర్ మీద రాసే అమెరికన్ తత్వవేత్త జుడిత్ బట్లర్ వ్యాసాలు మామూలుగానే కష్టం, వాటిని రెండు క్లాసుల్లో ముగించేసి పరీక్షలో ప్రశ్న ఇచ్చారు, అది న్యాయం కాదు. మగతనం గురించి, రేవిన్ కానెల్ లాంటివాళ్లు చేసిన పని గురించి ఒక్క వారమే పెట్టారు, మేము నలుగురం దాని కోసమే ఎదురుచూశాం పాపం. టైమ్‌టేబుల్ కూడా దారుణం, రెండు కోర్సులు మా ల్యాబ్ టైముకే పడ్డాయి, అడిగితే అడ్వైజర్ మీరే చూసుకోండి అన్నారు.

ఈజీ మార్కులొస్తాయని మాత్రం రావద్దు. వారానికి 80, 100 పేజీలు చదవాలి, వ్యాసాలన్నీ సొంతంగా రాయాలి, ఫార్ములా పెట్టి తప్పించుకోలేం.

తీసుకునేవాళ్లు థియరీ పేపర్ రెండో ఏడాదిలోనే కానిచ్చెయ్యండి. నేను చివరి సెమిస్టర్ దాకా ఉంచా, మేజర్ ప్రాజెక్ట్ రిపోర్టూ ఈ పేపర్ వ్యాసమూ ఒకే వారంలో ఇవ్వాల్సొచ్చింది.