ఈటె వేటకు కొన్న సాగే తాడు: ఏడేళ్ల వాడకం తర్వాత

నీటి అడుగున ఈటెతో చేపల్ని వేటాడేందుకు కొన్న ఈ తాడును 2018లో నేను తెగ మెచ్చుకుంటూ రాశాను. నా మాట నమ్మి కొన్నవాళ్లు ఇద్దరు ముగ్గురు ఉన్నారు, వాళ్లకు ఈ సంజాయిషీ బాకీ. మెప్పును వెనక్కి తీసుకోవడం లేదు. అయితే అప్పటికి ఆ తాడు మా హనుమకొండ ఎండాకాలం చూడలేదు.

పొడవు, మందం, రంగు అట్ట మీదే రాసి ఉంటాయి. పని ఎలా చేస్తుందో మాత్రం చెప్పాలి. నీటి అడుగున ఈటె తుపాకీతో చేపను కొట్టగానే ఈటె తుపాకీ నుంచి విడిపోతుంది. దాని వెనకే ఈ తాడు, తాడు రెండో కొసన నీటి మీద బెండు. చేప బెండును ఈడ్చుకుంటూ తిరుగుతుంటే మనం పైకి వచ్చి ఊపిరి పీల్చుకోవచ్చు. మేం వేటాడిన ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో గాలి సిలిండర్ల వంటివేవీ తగిలించుకుని చేపను కొట్టకూడదు, చట్టం ఒప్పుకోదు. పీల్చిన ఒక్క ఊపిరితోనే దిగాలి. ఆ ఊపిరి అయిపోతున్నప్పుడు చేతిలో చేప గుంజుతూ ఉంటే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. అందుకే ఒకరు దిగితే ఇంకొకరు పైన ఉండి కళ్లప్పగించి చూడాలి. మా జంటలో పైన ఉండేది ఎక్కువగా బావే.

నన్ను పడగొట్టింది ఆ తాడు సాగే తీరు. పైన రబ్బరు గొట్టం, లోపల సన్నని గట్టి దారం. రబ్బరు సాగినంత సాగాక లోపలి దారం పట్టుకుంటుంది. అక్కడి బ్రిస్బేన్‌లో ఉద్యోగం చేసిన రోజుల్లో మేం బావ పడవలో మోర్టన్ దీవి అవతలికి పోయేది స్పానిష్ మాకెరెల్ కోసం. అంటే మనం వంజరం అని కొనుక్కునే చేప, కోస్తా వాళ్ల కోనెం. దాని ఒళ్లంతా పరుగే కానీ మాంసం మెత్తన. బిగుతు తాడుతో నిలబెట్టాలని చూస్తే ఈటె మాంసాన్ని చీల్చుకుని ఊడి వస్తుంది. సాగే తాడు దాన్ని పరుగెత్తనిస్తుంది, పరుగెత్తే కొద్దీ బరువు పెంచుతుంది. 2018లో 14 కిలోల చేప బెండును సగం ముంచి లాక్కుపోయింది. ఐదు నిమిషాల తర్వాత బెండు దానంతట అదే నిలబడిపోయింది. మా ఊళ్లో ఎద్దును మచ్చిక చేసేవాళ్లు పగ్గాన్ని వదులుతూ బిగించే పద్ధతి గుర్తొచ్చింది. ఆ రాత్రి కూర్చుని రాసినవే ఆ పొగడ్తలన్నీ.

2021 చివర్లో ఉద్యోగం మానుకుని హనుమకొండ వచ్చేశాను. తుపాకీ బావ ఇంట్లోనే వదిలి తాడు, బెండు మాత్రం మమకారం కొద్దీ సంచిలో వేసుకొచ్చాను. అటక మీద పెట్టాను. పైన రేకుల కప్పు. మే నెలలో బయటే 44 డిగ్రీలుంటే ఆ రేకుల కింద ఎంతుంటుందో! బీరువాలో మరిచిపోయిన రబ్బరు బ్యాండు కాగితానికి కరుచుకుపోవడం అందరం చూసిందే. చిన్నప్పుడు గులేరుకు కట్టిన సైకిల్ ట్యూబు ముక్క ఒక్క ఎండాకాలానికే పగుళ్లిచ్చేది. ఇంత తెలిసి కూడా ఆ తాడులో ఉన్నదీ రబ్బరేనని నాకు తట్టలేదు. రెండు ఎండాకాలాలు అది అక్కడే ఉంది.

2024 మార్చిలో మళ్లీ బ్రిస్బేన్ వెళ్లాను. తాడు కాస్త జిగటగా అనిపిస్తే పౌడర్ రాశాను. ఒడ్డున లాగి చూస్తే సాగింది. అక్కడితో ఆగాను, అదే తప్పు. మూడోసారి దిగినప్పుడు, పన్నెండు మీటర్ల లోతున, మనిషంత చేప ఒకటి నన్ను చూసిపోదామన్నట్టు పక్కకు తిరిగింది. కొట్టాను. దెబ్బ తలకు కాస్త వెనక, మంచి చోటే తగిలింది. తాడు సర్రున లేచింది. నేను పైకి వచ్చేసరికి బెండు ఒక్క ఊపున మునిగి మళ్లీ తేలింది, ఇక కదల్లేదు. లాగితే తాడు తేలిగ్గా వచ్చేసింది. రబ్బరు రెండు చోట్ల పాము కుబుసంలా చీలిపోయి ఉంది. లోపలి దారం మాత్రం గట్టిగానే ఉంది. అంత గట్టిగా ఉండడమే చేటైంది: సాగుడు లేక ఒక్కసారిగా బిగుసుకునేసరికి ఈటె ఊడిపోయింది. ఈటె కొసకు మాంసం ముక్క అంటుకుని ఉంది.

"తాడుదేం తప్పులేదు, నీ అటకది" అన్నాడు బావ.

2023 జులై నుంచి అక్కడ మనిషికి ఒక్క మాకెరెలే తీసుకోవాలని నియమం. తప్పించుకున్నది ఆ లెక్కలోకి రాదు. అయినా నా లెక్కలో అదే ఆ రోజు చేప. సొరచేపలు తిరిగే నీళ్లలో దాన్ని గాయంతో వదిలేశాను. ఆ రోజు మళ్లీ తుపాకీ ముట్టలేదు. మరీ పెద్ద మాకెరెల్‌ను తినడం బావకు ఎలాగూ ఇష్టం ఉండదు. సిగ్వటెరా అనే విషం పెద్ద చేపల్లో పేరుకునే అవకాశం ఎక్కువ, ఉడికించినా గడ్డకట్టించినా పోదు. ఆ మాటతో నన్ను ఓదార్చబోయాడు కానీ నాకు ఎక్కలేదు.

అమ్మిన దుకాణానికి రాస్తే ఎండకు పాడైన రబ్బరుకు హామీ వర్తించదన్నారు. న్యాయమే. కానీ చల్లని చోట, చీకట్లో దాచమన్న ఒక్క ముక్క అట్ట మీద వేసి ఉంటే బాగుండేది.

మరి కొనవచ్చా? సముద్రం దగ్గర ఉండి, వాడగానే మంచినీళ్లతో కడిగి, ఏటా రబ్బరును అనుమానంగా చూసుకునేవాళ్లు నిశ్చింతగా కొనవచ్చు. నాలా రెండేళ్లకోసారి చుట్టపుచూపుగా వేటకు పోయేవాళ్లు తాడును అక్కడే వదిలి రావడం మేలు. కొత్తది కొన్నాను, బావ ఇంట్లో మెట్ల కింద ఉంది. అది ఎన్నేళ్లు మన్నుతుందో ఇప్పుడే మాట ఇవ్వలేను. ఒకసారి మాట ఇచ్చి చూశాను కదా.

పాతదాన్ని పారేయలేదు. చీలిన రబ్బరంతా ఒలిచేసి, బెండుతో సహా నర్సంపేట దగ్గర మా ఊరి బావికి తీసుకుపోయాను. మా నాన్న నా వీపుకు ఎండిన సొరకాయ బుర్ర కట్టి, గట్టు మీద తాడు పట్టుకుని ఈత నేర్పింది ఆ బావిలోనే. ఇప్పుడు మా అమ్మాయి బెండు పట్టుకుని ఈదుతుంటే తాడు నేను పట్టుకుంటున్నాను. ఇక్కడ సాగుడు పనికిరాదు, పిల్ల మునగబోతే లాగిన వెంటనే రావాలి. ఆ పనికి రబ్బరు లేని ఈ దారం చక్కగా సరిపోయింది. బెండు మీద, నీళ్లలో మనిషి ఉన్నాడని పడవలను హెచ్చరించే నీలం తెలుపు జెండా ఇంకా అలాగే ఉంది. గట్టు మీద కూర్చున్న పెద్దాయన ఒకరు దాన్ని కాసేపు చూసి, అది ఏ పార్టీదని అడిగారు.