సీసీ కెమెరాలకి ఏ హార్డ్ డిస్క్ తీసుకోవాలి? కోనసీమలో ఐదేళ్లు వాడాక నా అభిప్రాయం

మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. ఇంటి చుట్టూ కొబ్బరి తోట. నాలుగు కెమెరాలు, ఒక డీవీఆర్ (కెమెరాల దృశ్యాన్ని రికార్డ్ చేసే పెట్టె), అందులో డబ్ల్యూడీ (వెస్టర్న్ డిజిటల్) కంపెనీ పర్పుల్ 2 టీబీ హార్డ్ డిస్క్. టీబీ అంటే సుమారు వెయ్యి జీబీ. పెట్టించి ఐదేళ్లు దాటింది. మా తమ్ముడు మలికిపురం వైపు ఉంటాడు. వాళ్లింటికీ, రొయ్యల చెరువు గట్టు మీద షెడ్డుకీ కలిపి ఎనిమిది కెమెరాలున్నాయి. దానికి సీగేట్ స్కైహాక్ 4 టీబీ నేనే దగ్గరుండి కొనిపించాను. అదీ మూడేళ్లు పైబడి నడుస్తోంది. మా వైపు ఈమధ్య ఎవరు కెమెరాలు పెట్టించుకున్నా డిస్క్ సంగతి నన్ను అడుగుతున్నారు కాబట్టి తెలిసినదంతా ఒకచోట రాస్తున్నాను.

ముందు అసలు మాట చెప్పేస్తాను. పర్పుల్, స్కైహాక్ రెండూ మంచివే. వాడకంలో ఒకదానికీ ఇంకోదానికీ నాకు తేడా కనబడలేదు. మీ ఊరి దగ్గర్లో ఏది సరైన బిల్లుతో, వారంటీతో దొరికితే అది తీసుకోండి. పట్టుబట్టి చూడాల్సింది బ్రాండ్ కాదు. అది నిఘా కెమెరాల కోసం చేసిన డిస్కా, కంప్యూటర్‌లో పెట్టే మామూలు డిస్కా అన్నది చూడాలి.

కెమెరా కొనేటప్పుడు రెండు మెగాపిక్సెలా, ఐదా, రాత్రిపూట రంగుల్లో కనబడుతుందా, మాట వినబడుతుందా అని ఎన్నో అడుగుతాం. డిస్క్ దగ్గరికొచ్చేసరికి బిల్లులో "1 టీబీ హెచ్‌డీడీ" అని ఒక్క లైన్ ఉంటుంది. ఏ రకమో రాయరు. మా ఇంటికి బిగించడానికి వచ్చిన కుర్రాడు కూడా మొదట మామూలు డిస్కే తెచ్చాడు. అదేంటయ్యా అంటే, "ఏదైనా ఒకటేనండి. కంప్యూటర్‌లో ఆడేది ఇందులో ఆడదాండీ?" అన్నాడు. ఆడుతుంది. ఎన్నాళ్లు ఆడుతుందన్నదే తేడా.

కంప్యూటర్ డిస్క్ రోజుకి కొన్ని గంటలు పనిచేసి విశ్రాంతి తీసుకునేలా చేస్తారు. ఉదాహరణకి సీగేట్ కంపెనీ తన బారాకుడా డిస్క్‌కి ఏడాదికి 2,400 గంటల వాడకం, 55 టీబీ డేటా అని లెక్క ఇస్తుంది. డీవీఆర్‌లో పెట్టిన డిస్క్‌కి ఏడాదికి 8,760 గంటలూ డ్యూటీనే. పండగ లేదు, ఆదివారం లేదు. అదే కంపెనీ స్కైహాక్‌కి ఏడాదికి 180 టీబీ అంటుంది, ఇరవై నాలుగు గంటల వాడకానికే చేశామంటుంది. పర్పుల్‌కి కూడా 180 టీబీనే. రెండిటికీ మూడేళ్ల వారంటీ ఉంటే, మామూలు డిస్క్‌లకి ఎక్కువగా రెండేళ్లే.

ఇంకో తేడా ఉంది, బయటికి కనబడదు. కంప్యూటర్ డిస్క్‌లో ఎక్కడైనా ఒక గడి పాడైతే అది ఆగి, మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. మన ఫైలు పోకూడదు కదా, కంప్యూటర్‌కి అదే మంచిది. కెమెరాల విషయంలో అలా ఆగితే ఆ కాసేపట్లో నాలుగు కెమెరాల దృశ్యమూ పోతుంది. నిఘా డిస్క్ ఒక చుక్క పోయినా ఫర్వాలేదని వదిలేసి ముందుకి రాసుకుంటూ పోతుంది. అందుకే దీన్ని తీసి పెళ్లి ఫొటోలు, పొలం కాగితాల స్కాన్లు దాచుకోవడానికి వాడొద్దు. దాని పని అది కాదు. పైగా మామూలు డిస్క్‌ల్లో 2 టీబీ, అంతకన్నా పెద్దవి చాలావరకు ఎస్ఎంఆర్ పద్ధతివి. అంటే పెంకుటిల్లు కప్పులో పెంకుల్లాగా ఒక వరస మీద ఇంకో వరస కొంచెం ఎక్కి ఉంటుంది. ఒక వరస మార్చాలంటే పక్కవి కూడా మళ్లీ రాయాలి. పాతది చెరిపి కొత్తది రాయడమే పనిగా ఉండే డీవీఆర్‌కి అది నప్పదు.

మామూలు డిస్క్ పోతే ఎలా పోతుందో పాలకొల్లు దగ్గర మా పెద్దమ్మ గారింట్లో చూశాను. టీవీలో నాలుగు గడుల్లో బొమ్మ చక్కగా వస్తూనే ఉంది. ఫోన్‌లోనూ వస్తోంది. ఒకరోజు గేటు దగ్గర పెట్టిన మోటారు పోయిందని ప్లేబ్యాక్ తీస్తే, సంక్రాంతికి పిల్లలు ముగ్గు వేస్తున్నదే చివరి రికార్డింగ్. ఆ తర్వాత ఏమీ లేదు. అప్పటికి వేసవి వచ్చేసింది. డిస్క్ పోయినా లైవ్ బొమ్మ ఆగదు. అందువల్ల ఇంట్లో ఎవరికీ అనుమానం రాలేదు. పెద్దమ్మ పడిన బాధ చూశాక ఈ విషయం నేను ఎవరికైనా ఓపిగ్గా చెబుతాను.

ఇక ఎన్ని టీబీలు? ఇక్కడ అందరూ కెమెరాల సంఖ్య చూస్తారు. నేను ఇంకోటి చూడమంటాను. మీకు నష్టం జరిగితే ఎన్నాళ్లకి తెలుస్తుంది? టౌన్‌లో ఇంటి ముందు బండి పోతే తెల్లారేసరికి తెలిసిపోతుంది, వారం రికార్డింగ్ చాలు. మా సంగతి వేరు. దింపు (చెట్ల నుంచి కాయలు కోయించడం) అయ్యాక కాయలు తోటలో రాశి పోస్తాం. వ్యాపారి వచ్చి లెక్కకట్టి తీసుకెళ్లేసరికి వారం పడుతుంది. అంబాజీపేటలో రేటు బాలేదంటే ఇంకా ఆగుతాం. రాశి తగ్గిందని తెలిసేది ఆ లెక్కప్పుడే. ఒకసారి మాకు అలాగే తగ్గాయి. వెనక్కి వెళ్లి చూస్తే రెండు వారాలు దాటిన రికార్డింగ్‌లో, తెల్లవారుజామున, తోట వెనక కంచె పక్కనుంచి బస్తాలు మోస్తున్న మనుషులు కనబడ్డారు. 1 టీబీ పెట్టించి ఉంటే ఆ రాత్రి అప్పటికే చెరిగిపోయేది.

లెక్క కష్టం కాదు. 2 మెగాపిక్సెల్ కెమెరా హెచ్.265 (వీడియోని కుదించి రాసే పద్ధతి)లో సెకనుకి 2 మెగాబిట్లు రాస్తే, నాలుగు కెమెరాలకి రోజుకి సుమారు 86 జీబీ. 1 టీబీకి పదకొండు రోజులు, 2 టీబీకి ఇరవై మూడు రోజులు. పాత డీవీఆర్ అంతకు ముందు పద్ధతి హెచ్.264 మాత్రమే రాస్తే ఇందులో సగం రోజులే అనుకోండి. ఎనిమిది కెమెరాలకి రోజుకి 173 జీబీ దాకా అవుతుంది కాబట్టి మా తమ్ముడికి 4 టీబీ చెప్పాను. ఏడాదంతా కలిపినా అది 63 టీబీ, 180లో మూడో వంతు. అంటే ఇళ్లకి ఈ డిస్క్‌లు బాగా సరిపోతాయి. దీనికన్నా ఖరీదైనవి అక్కర్లేదు.

అయితే కాగితం మీద లెక్క మన తోటల్లో సరిగ్గా నిలవదు. కదలిక ఉన్నప్పుడే రికార్డ్ చేసేలా పెడితే డిస్క్ ఆదా అవుతుందని షాపుల్లో చెబుతారు. కొబ్బరి మట్టలు ఊగని రోజు కోనసీమలో ఎక్కడుంది? గాలికి మట్ట ఊగినా కదలికే, వానజల్లు కదలికే, రాత్రి కెమెరా లైటుకి ముసిరే పురుగులు కదలికే. మా తోట వైపు కెమెరా దాదాపు రోజంతా రాస్తూనే ఉంటుంది, బిట్‌రేటు (సెకనుకి రాసే డేటా) దానంతట అదే మారేలా వదిలేస్తే బొమ్మలో కదలిక ఎక్కువైన కొద్దీ ఫైలు కూడా పెరుగుతుంది. లెక్క ప్రకారం ఇరవై మూడు రోజులు రావాల్సింది మాకు వానాకాలంలో పంతొమ్మిది, ఇరవై దగ్గర ఆగుతోంది. కాబట్టి కావాల్సిన రోజుల మీద పావు వంతు కలుపుకుని డిస్క్ కొనండి. 2 టీబీ ధర 1 టీబీకి రెట్టింపేమీ ఉండదు. నా మటుకు తోట ఉన్న ఇంటికి 2 టీబీకి తక్కువ కొననే కొనొద్దంటాను. పెద్దది కొనేముందు మీ డీవీఆర్ ఎంత వరకు తీసుకుంటుందో మాన్యువల్‌లో చూసుకోండి. చిన్న మోడళ్లకి ఒక్క డిస్క్‌కే చోటు ఉంటుంది, దానికీ ఒక హద్దు ఉంటుంది.

డిస్క్ మంచిదైనా చెడగొట్టేది కరెంటు. మా వైపు గాలివాన వస్తే కరెంటు పోవడం, రావడం, మళ్లీ పోవడం మామూలే. తిరుగుతున్న డిస్క్‌కి అలా టక్కున కరెంటు తీసేయడం అస్సలు మంచిది కాదు. ఇన్వర్టర్ ఉన్నా కొన్నిటిలో మారే ఆ క్షణానికే డీవీఆర్ ఆరి వెలుగుతుంది. మేము డీవీఆర్‌కి విడిగా 12 వోల్టుల చిన్న యూపీఎస్ పెట్టాం. కెమెరాల పవర్ సప్లై వేరే ఉంటుంది కాబట్టి దీని మీద బరువు పడదు. డబ్బు పెట్టినందుకు ఇంతగా ఫలితం ఇచ్చిన వస్తువు ఈ మొత్తం సెటప్‌లో ఇంకోటి లేదు.

అడాప్టర్ సంగతి కూడా చెప్పాలి. తమ్ముడి ఇంట్లో ఒకసారి డీవీఆర్ లోంచి టిక్ టిక్ మని శబ్దం, గంటగంటకీ రీస్టార్ట్. అందరూ డిస్క్ పోయిందన్నారు. డిస్క్ తిరగడం మొదలెట్టేటప్పుడు మామూలు కన్నా చాలా ఎక్కువ కరెంటు లాగుతుంది. నీరసించిన అడాప్టర్ అది ఇవ్వలేదు. దాంతో డిస్క్ లేవబోయి పడిపోతూ ఉంటుంది. 12 వోల్టుల కొత్త అడాప్టర్, డీవీఆర్ మీద రాసినన్ని ఆంపియర్లది, మార్చేసరికి శబ్దం పోయింది. డిస్క్ పారేసే ముందు ఇది తప్పకుండా చూడండి.

మలికిపురం, సఖినేటిపల్లి, అంతర్వేది వైపు సముద్రపు గాలికి ఉప్పుంటుంది. అక్కడ కనెక్టర్లు పచ్చగా పూస్తాయి. డీవీఆర్ మెనూలో స్మార్ట్ అనే చోట డిస్క్ ఆరోగ్యం అంకెల్లో ఉంటుంది. అందులో సీఆర్సీ ఎర్రర్ల (డేటా దారిలో చెడిపోయిన సార్లు) లెక్క పెరుగుతుంటే తప్పు డిస్క్‌ది కాకపోవచ్చు, డిస్క్‌ని డీవీఆర్‌కి కలిపే సాటా కేబుల్‌ది అయ్యుండొచ్చు. తమ్ముడి దగ్గర కేబుల్ మార్చాక ఆ అంకె పెరగడం ఆగింది. రీఅలొకేటెడ్, పెండింగ్ సెక్టార్లు (పాడైన, పాడవుతున్న గడుల లెక్క) అన్నవి పెరుగుతుంటే మాత్రం డిస్క్ వయసు అయిపోతోందని అర్థం. మా పర్పుల్‌కి నలభై వేల గంటలు దాటినా ఆ రెండూ సున్నా దగ్గరే ఉన్నాయి.

రోహిణి కార్తెలో డీవీఆర్‌ని చెక్క బీరువాలో పెట్టి తలుపు వేయడం మంచిది కాదు. చిన్న డీవీఆర్‌లకి ఫ్యాన్ ఉండదు. డిస్క్ మీద చిన్న గాలి రంధ్రం ఉంటుంది, దాని మీద వారంటీ స్టిక్కర్ అంటించకుండా చూడండి. లంక గ్రామాల వాళ్లు డీవీఆర్‌ని కిటికీ కన్నా ఎత్తులో పెట్టించుకోండి. 2022 జులై వరదలో ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక దాటినప్పుడు ఎంతోమంది సామాను అటక మీదికి ఎక్కించుకున్నారు. అలా ఎత్తాల్సి వస్తే ముందు మెనూలోంచి షట్‌డౌన్ చేసి, డిస్క్ లోపల తిరిగే ప్లేట్లు ఆగేదాకా ఒక నిమిషం ఆగి అప్పుడు కదపండి. తిరుగుతున్న డిస్క్‌కి చిన్న కుదుపు చాలు.

కొనేటప్పుడు సీల్ చూసి తృప్తి పడొద్దు. డిస్క్ మీద సీరియల్ నంబరు కంపెనీ వెబ్‌సైట్‌లో కొట్టి వారంటీ ఎప్పటిదాకా ఉందో షాపులోనే చూడండి. డీవీఆర్‌లో పెట్టించి ఎన్ని గంటలు తిరిగిందో స్మార్ట్‌లో చదవండి. కొత్తదానికి సున్నా పక్కనే ఉండాలి. పాత డిస్క్ తుడిచి కొత్తదిగా అమ్మేవాళ్లున్నారు, ఆ గంటల్ని కూడా సున్నా చేసేవాళ్లున్నారు. అందుకే వారంటీ తేదీ, గంటలు రెండూ చూడాలి.

బిగించిన రోజే మెనూలో డిస్క్ ఎర్రర్ వస్తే బజర్ మోగేలా, ఫోన్‌కి కబురు వచ్చేలా పెట్టించండి. చాలా డీవీఆర్‌లలో ఆ సౌకర్యం ఉంటుంది, ఎవరూ ఆన్ చెయ్యరు. నెలకోసారి లైవ్ కాకుండా ప్లేబ్యాక్ తీసి అన్నిటికన్నా పాత రోజు ఏదో చూడండి, డీవీఆర్ గడియారం సరిగ్గా ఉందో చూడండి. లోపలి బ్యాటరీ అయిపోతే కరెంటు పోయొచ్చిన ప్రతిసారీ తేదీ వెనక్కి పోతుంది, అప్పుడు పోలీసులకి ఇచ్చినా ఆ రికార్డింగ్ ఏ రోజుదో నమ్మించడం కష్టం. కావాల్సిన ముక్క కనబడితే అదే రోజు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోండి, రేపటికి దాని మీద కొత్తది పడొచ్చు.

నా డిస్క్ వారంటీ ఎప్పుడో అయిపోయింది. అంకెలు బాగున్నా వచ్చే దింపుకి ముందు మార్చేస్తున్నాను, ఈసారి 4 టీబీ, అదే రకం. తీసిన పాతదాన్ని ఒక నెల కవర్‌లో పెట్టి దాచుతాను, ఎందుకంటే గత ఇరవై రోజుల రికార్డింగ్ అంతా దానిలోనే ఉంటుంది. దాన్ని కంప్యూటర్‌కి తగిలిస్తే ఫార్మాట్ చెయ్యమంటారా అని విండోస్ అడుగుతుంది. డీవీఆర్‌లు తమ సొంత పద్ధతిలో రాసుకుంటాయి కాబట్టి విండోస్‌కి అది ఖాళీ డిస్క్‌లా కనబడుతుంది. అక్కడ వద్దు అనే నొక్కండి. చూడాలంటే మళ్లీ అదే డీవీఆర్‌లో పెట్టాలి.