సువారోనా, పామర్‌స్టనా?

దక్షిణ పసిఫిక్‌లోని బోరాబోరా ద్వీపం దాటి పడమరగా వెళ్లే తెరచాప పడవలకు కుక్ దీవుల్లో సువారో, పామర్‌స్టన్ అనే ఈ రెండు మజిలీలు ఎదురవుతాయి. రెండూ మధ్యలో మడుగు ఉన్న వలయాకారపు పగడపు దీవులే, రెండింటికీ విమానం రాదు.

అసలు తేడా లంగరు దగ్గరే. సువారోలో ఈశాన్యం వైపు లోపలికి దారి ఉంది. ఎండ నెత్తిమీద ఉన్నప్పుడు ఒకరు పడవ ముందు నిలబడి నీటి రంగు చూస్తూ దారి చెప్తే లోపలి మడుగులోకి వెళ్లొచ్చు. అడుగున పగడపు బండలకు గొలుసు చుట్టుకోకుండా మధ్యమధ్యలో తేలే బంతులు కడతారు. పామర్‌స్టన్‌లో పెద్ద పడవలకు లోపలికి దారే లేదు. చుట్టూ ఉన్న పగడపు దిబ్బ బయట, పడమర వైపే ఆగాలి. గాలి పడమర నుంచి వీచడం మొదలైందంటే అర్ధరాత్రైనా కదలాల్సిందే. ఆ టెన్షన్‌తో నిద్ర పట్టడం కష్టం.

మనుషుల విషయంలో మాత్రం పామర్‌స్టన్‌దే పైచేయి. 1863లో స్థిరపడ్డ విలియం మార్‌స్టర్స్ వారసులు పడవలో ఎదురొచ్చి, ఇంటికి తీసుకెళ్లి భోజనం పెడతారు. సువారో 1978 నుంచి జాతీయ పార్కు. ఏడాదిలో కొన్ని నెలలు కాపలాదారులు తప్ప ఎవరూ ఉండరు.

అడవి, పక్షులు, సొరచేపల కోసమే అంత దూరం వెళ్తే నా ఓటు సువారోకే. కాకపోతే తిండి, మంచినీళ్లు పూర్తిగా మీవే ఉండాలి.