బీన్స్ కిట్ కొనేముందు ఒక్క నిమిషం ఆగండి

మిద్దె తోట పెట్టుకున్నవాళ్ళకి, ముఖ్యంగా ఈ ఏడాదే మొదలుపెట్టినవాళ్ళకి చెబుతున్నాను. ఆన్‌లైన్‌లో 'ఇంట్లోనే బీన్స్ పండించండి' అని పెట్టెల్లో అమ్ముతున్న కిట్ ఒకటి అక్టోబర్‌లో తెప్పించాను. 899 రూపాయలు. ఐదు గ్రో బ్యాగులు, ఒక కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) ఇటుక, చిన్న ఎరువు ప్యాకెట్, 30 గింజలు. అమ్మినవాళ్ళ పేరు ఇక్కడ రాయను. మోసం ఎలా జరుగుతుందో తెలిస్తే చాలు.

బ్యాగుకి నాలుగు చొప్పున 20 గింజలు పెట్టాను. బీన్స్ మొలవడానికి వారం దాకా పడుతుంది. తొమ్మిదో రోజుకి ఆరే మొలిచాయి. నీళ్ళు ఎక్కువ పోసి నేనే కుళ్ళబెట్టానేమో అనుకుని, మిగిలిన పది గింజల్ని తడిబట్టలో చుట్టి చూశాను. రెండు మొలిచాయి! ధ్రువీకరించిన బీన్స్ విత్తనమైతే కనీసం 75 శాతం మొలవాలి. సరే, వాపసు ఇద్దామని చూస్తే గడువు డెలివరీ అయిన రోజు నుంచి 7 రోజులే. అంటే గింజ మంచిదో కాదో మనకి తెలిసేలోపే గడువు అయిపోతుంది. ఆ ఐదు నక్షత్రాల రివ్యూలు మళ్ళీ చదివాను. అన్నీ పెట్టె ఫోటోలే, ఒక్కదాంట్లోనూ కాయ లేదు.

గింజలకి గులాబీ రంగు పూత ఉంది. అది తెగుళ్ళు రాకుండా మందు పట్టించిన గుర్తు. పెట్టె మీదేమో 'పూర్తిగా ఆర్గానిక్' అని రాశారు. మా పాప వాటిని చేత్తో పట్టుకుని ఆడింది, ఆ రోజంతా నాకు టెన్షనే.

మొలిచిన ఆరింటికీ పది రోజుల్లో ఆకుల అంచులు మాడాయి. కోకోపీట్ కడగకుండా ఇటుక చేసి ఇచ్చారు. అందులో ఉప్పు ఉంటుంది, బీన్స్ ఉప్పుని అసలు తట్టుకోలేదు. నానబెట్టి మూడు నాలుగు సార్లు నీళ్ళు వంపేసి వాడాలని కాగితంలో ఒక్క ముక్క రాయలేదు. ఇక ఫోటోలో ఉన్నది పొద రకం. నాకు వచ్చింది తీగ రకం! నెల తిరక్కుండానే డిష్ కేబుల్ ఎక్కేసింది. డిసెంబర్‌కి రెండు బ్యాగులు కుట్ల దగ్గర చిరిగి మట్టి కిందికి జారిపోయింది. మొత్తం మీద దక్కింది రెండు గుప్పెళ్ళ కాయలు. "చిక్కుడు పాదు పెట్టుకుంటే పోయేది కదమ్మా" అని మా అత్తయ్య ఇప్పటికీ అంటూనే ఉంటుంది.

నవంబర్ చివర్లో అర్క కోమల్ విత్తనం తెప్పించాను. బెంగళూరులోని ఉద్యాన పరిశోధన సంస్థ ఐఐహెచ్‌ఆర్ వాళ్ళ పొద రకం ఇది. ఎర్రమట్టి, పశువుల ఎరువు, కడిగిన కోకోపీట్ కలిపి పాత పెయింట్ బకెట్లలో పెట్టాను. సంక్రాంతి దాటాక కోత మొదలైంది. రెండు మూడు రోజులకోసారి, లోపల గింజ ఉబ్బకముందే కోస్తున్నాను. కోయకుండా వదిలేస్తే కాయ పీచు పట్టి, కొత్త పూత కూడా తగ్గిపోతుంది.

మీరు కొనేటప్పుడు ప్యాకెట్ మీద రకం పేరు, లాట్ నంబర్, పరీక్ష చేసిన తేదీ, మొలక శాతం ఉన్నాయో లేదో చూడండి. ఉత్త 'బీన్స్' అని ఉంటే వదిలేయండి. ప్యాకెట్ ఇంటికి వచ్చిన రోజే పది గింజలు తడిబట్టలో వేయండి. గడువు ముగిసేలోపే సంగతి తేలిపోతుంది. గులాబీ రంగు గింజలైతే పిల్లలకి అందకుండా పెట్టి, ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి.

నేను వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చాను, డబ్బు ఇంకా రాలేదు. నిన్న చూస్తే అదే పెట్టె, అదే ఫోటోతో ఇప్పుడు 'వేసవి స్పెషల్' అని 799కే పెట్టారు. ఎండ 35 డిగ్రీలు దాటితే బీన్స్ పూత రాలిపోతుంది, ఏప్రిల్‌లో ఎవరు కోస్తారో మరి.