అమ్మ ఉంటున్న మతిమరుపు కేర్ హోమ్: మూడేళ్ళు దాటాక నా అభిప్రాయం

అమ్మని పాలకొల్లు దగ్గర ఒక చిన్న కేర్ హోమ్‌లో చేర్చి మూడేళ్ళు దాటింది. మెప్పులతో పాటు ఫిర్యాదులూ చెప్పబోతున్నాను కాబట్టి పేరు రాయడం లేదు. ఇలాంటి చోటు కోసం తిరుగుతున్న కుటుంబాలకి పనికొస్తుందనే ఇదంతా.

అమ్మకి అల్జీమర్స్. ఇంట్లో ఉంచుకోగలిగినంత కాలం ఉంచుకున్నాం. మా ఇంటి ముందు కాలవ, వెనక చెరువు. ఒకరోజు తెల్లవారకముందే తలుపు తీసుకెళ్ళి రేవులోకి దిగిపోతుంటే ఎదురింటివాళ్ళు చూసి పట్టుకొచ్చారు. ఆ తర్వాత మాకు కంటి మీద కునుకు లేదు. వృద్ధాశ్రమాల్లో అడిగితే, తమ పనులు తాము చేసుకోగలిగినవాళ్ళనే తీసుకుంటామన్నారు. మన దేశంలో అరవై దాటినవాళ్ళలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా (అల్జీమర్స్ లాంటి మతిమరుపు జబ్బులు) ఉందని 2023లో వచ్చిన ఒక అధ్యయనం అంచనా. ఇంతమంది ఉన్నా మా వైపు ఇలాంటి చోటు దొరకడం గగనమైపోయింది.

ఇది పాత డాబా ఇల్లు. పదిమంది పెద్దవాళ్ళుంటారు. చుట్టూ ప్రహరీ, గేటుకి వాళ్ళ కంట పడని చోట గడియ. పెరట్లో కొబ్బరిచెట్ల మధ్య, బయలుదేరిన చోటికే తిరిగొచ్చేలా సిమెంటు బాట వేశారు. నడవాలనిపిస్తే ఎంతసేపైనా నడవచ్చు, దారి తప్పే భయం లేదు. బాత్రూమ్ తలుపు ఒక్కదానికే ఎర్ర రంగు వేశారు, రాత్రంతా అక్కడ లైటు ఉంటుంది. అమ్మ పక్క తడపడం బాగా తగ్గింది.

అసలు పరీక్ష సాయంత్రాలే. పొద్దు వాలుతుంటే ఈ జబ్బున్నవాళ్ళలో చాలామందికి కంగారు పెరుగుతుంది. అమ్మ పుట్టిల్లు వశిష్ఠ గోదావరికి అవతల, సఖినేటిపల్లి వైపు. ఏరు దాటించే పడవని మా వైపు పంటు అంటాం. ఐదయ్యేసరికి కుచ్చిళ్ళు సర్దుకుని, "మా నాన్న ఎదురు చూస్తుంటాడు, పంటు వెళ్ళిపోద్ది" అంటూ గేటు దగ్గర నిలబడుతుంది. ఆయమ్మ కాదనదు.

"ఆయ్, వెళ్దామండి మామ్మగారూ. పంటు ఇంకా అవతలి రేవులోనే ఉందంట. ఈలోగా కాస్త కాఫీ తాగుదురుగాని రండి."

చెయ్యి పట్టుకుని బాట మీద రెండు చుట్లు తిప్పుతుంది. "నాన్నగారు రేవులో మీకేం కొనిపెట్టేవారండి?" అని అడుగుతుంది. అమ్మ జీళ్ళ కబుర్లు మొదలుపెడుతుంది. గ్లాసు ఖాళీ అయ్యేసరికి ప్రయాణం సంగతి మర్చిపోతుంది. అరగంటకి మళ్ళీ మొదలైనా ఆయమ్మకి అదే ఓపిక. పెద్దావిడతో అబద్ధాలాడటమేమిటని మా అన్నయ్య బాధపడ్డాడు. తండ్రి పోయాడన్న కబురు రోజూ కొత్తగా చెప్పి ఏడిపించడం కంటే ఇదే నయమని నా నమ్మకం.

అమ్మ వయసులో ఉండగా నరసాపురం లేసు అల్లేది. ఇప్పుడు నేనెవరో గుర్తుపట్టదు గానీ సూది చేతికిస్తే అల్లుతుంది. అల్లికలో ఒక కన్ను తప్పుగా పడితే తనే విప్పుకుని అక్కణ్ణుంచి మళ్ళీ ఎత్తుకుంటుంది. చేతికి అలవాటైన పనులు ఈ జబ్బులో చాలాకాలం నిలుస్తాయని డాక్టరుగారు చెప్పారు. హోమ్‌వాళ్ళు అది గమనించి దారం ఉండ ఎప్పుడూ అందుబాటులో ఉంచుతున్నారు. భోజనం దగ్గరా అంతే శ్రద్ధ. చేప వండిన రోజు ముల్లు లేకుండా వేళ్ళతో తడిమి చూసి మరీ ముద్ద కలుపుతారు.

ఇక ఫిర్యాదులు. రాత్రిపూట పదిమందికీ కలిపి ఒక్కరే ఉంటారు. ఇద్దరు ఒకేసారి లేస్తే ఆవిడేం చేయగలదు? అమ్మ తెల్లవారుజామున జారిపడితే మాకు ఫోన్ మధ్యాహ్నం వచ్చింది. దానిమీద గట్టిగా గొడవపడ్డాను. సంక్రాంతికి పనివాళ్ళు ఊళ్ళకి వెళ్ళిపోతే కొత్తవాళ్ళు వస్తారు, వాళ్ళకి అమ్మ పంటు కథ తెలీదు. ఆ నాలుగు రోజులూ మాలో ఎవరో ఒకరం వెళ్ళి ఉంటున్నాం.

ఇంకొకటి ముఖ్యం. ఒకసారి అమ్మ రెండు రోజుల్లోనే పూర్తిగా మారిపోయింది. అరుపులు, నిద్ర లేదు. జబ్బు ముదిరిందనీ, నిద్రమాత్ర వేద్దామనీ అన్నారు. ముందు మూత్రపరీక్ష చేయించమని పట్టుబట్టాను. ఇన్ఫెక్షన్ అని తేలింది, మందులు వాడితే తగ్గింది. పెద్దవయసులో ఉన్నట్టుండి తికమక పెరిగితే వెనక ఇలాంటి కారణం ఉండొచ్చు. అది తేలకుండా మత్తుమందుకి ఒప్పుకోకండి.

నెలకి 25,000 తీసుకుంటున్నారు. డైపర్లు, మందులు వేరే. మాకిది భారమే, అన్నదమ్ములం పంచుకుంటున్నాం.

చూడ్డానికి వెళ్ళేవాళ్ళు పొద్దున్నే వెళ్ళకండి, అప్పుడు అన్నిచోట్లా ప్రశాంతంగానే ఉంటుంది. ఐదు దాటాక వెళ్ళి గంటసేపు కూర్చోండి. రాత్రికి ఎంతమంది ఉంటారో, పడిపోతే ఎంతసేపట్లో కబురు చేస్తారో అడిగి రాయించుకోండి. గొట్టంతో ఆహారం, ఆక్సిజన్ అవసరమైతే తమవల్ల కాదని ఇక్కడివాళ్ళు చేర్చుకున్న రోజే చెప్పారు. ఈమధ్య అమ్మకి మింగేటప్పుడు పొలమారుతోంది, అందుకే ఆ తర్వాత ఎక్కడికన్నది ఇప్పటినుంచే వెతుకుతున్నాం.