ముక్కలు కొనుక్కోవడం: ఒక క్రేజీ క్విల్ట్ కిట్టు సమీక్ష

క్రేజీ క్విల్ట్ అంటే అడ్డదిడ్డమైన బట్టముక్కలను అతికి, అతుకుల మీద అలంకారపు కుట్లు వేసే బొంతలాంటి బట్ట. దానిని కుట్టడానికి కావలసిన పట్టుముక్కలు, అడుగుబట్ట, దారాలు, ఒక చిన్న పుస్తకం కలిపి పెట్టెగా అమ్ముతున్న కిట్టును న్యూజెర్సీలోని మా ఇంటికి తెప్పించుకున్నాను. వెల 45 డాలర్లు. ఆ రోజుల్లో మా ఇంట్లోనే ఉన్న అమ్మ పెట్టె తెరవగానే, "ముక్కలకు డబ్బు పోశావా? మన దర్జీ సంచెడు ఊరికే ఇచ్చేవాడు కదే!" అంది. నిజానికి 1880లలో అమెరికా ఇళ్లలో ఈ కుట్టు మోజు ముదిరినప్పుడు, ఇంట్లోని పీలికలు సరిపోని ఆడవారికి పట్టుముక్కలను ప్యాకెట్లు కట్టి టపాలో అమ్మేవారు. వాటి ప్రకటనలు పత్రికల్లో వచ్చేవి. అమ్మకు అదే చెప్పాను, ఆమె నమ్మలేదు.

కిట్టులోని పుస్తకం చరిత్రను సగమే సరిగా చెప్పింది. అమెరికా స్వాతంత్ర్యానికి నూరేళ్లు నిండిన సందర్భంగా 1876లో ఫిలడెల్ఫియాలో జరిగిన ప్రదర్శనలో జపాన్ కళావస్తువులలోని అసమాన అమరికను, ఇంగ్లండు ఎంబ్రాయిడరీని జనం చూసి ముచ్చటపడడం ఈ కళకు ఊతమిచ్చిందన్నంతవరకు బాగానే ఉంది. ఆ వెంటనే, ఇది పేదల పొదుపులోంచి పుట్టిన దుప్పటి అని రాయడం మాత్రం పొరపాటు. పట్టు, వెల్వెట్ వాడి, తీరిక ఉన్న ఇళ్ల స్త్రీలు ముందుగదిలో సోఫా మీద పరచడానికి కుట్టుకున్న అలంకారమే ఇది. పల్లెల్లో ఉన్ని, నూలు ముక్కలతో చలికి కప్పుకొనేలా కుట్టడం ఆ తరువాత ఎక్కువైంది.

మన బొంతలో పాత చీరల పొరలన్నింటినీ కలిపి పట్టేది వరుస కుట్టే. క్రేజీ క్విల్ట్‌లో పద్ధతి వేరు, సాధారణంగా లోపల దూది ఉండదు. అడుగుబట్ట మధ్యలో అయిదు మూలల ముక్క ఒకటి పెట్టి, దాని అంచు మీద రెండవ ముక్కను తిరగేసి కుట్టి, మడిచి పరచుకుంటూ చుట్టూ పేర్చుకుపోవాలి. ఆ తరువాత ప్రతి అతుకు మీద హెరింగ్‌బోన్, ఫెదర్ స్టిచ్, కాజా కుట్టు వంటి అలంకారపు కుట్లు వేయాలి. ముక్కలు ఎంత అడ్డదిడ్డంగా ఉంటే కుట్టుకు అంత చోటు. ఈ కిట్టు తయారుచేసినవారు ఇక్కడే తప్పటడుగు వేశారు: అరవై ముక్కలూ మిషను మీద ఒకే కొలతకు చతురస్రాలుగా కోసి ఇచ్చారు. వాటిని నేను మళ్లీ కత్తెరతో వంకరగా కోసుకోవలసి వచ్చింది.

పట్టు అని రాసినవన్నీ పట్టు కావు. అనుమానం వచ్చి నాలుగైదు ముక్కల పోగులు లాగి కాల్చి చూశాను. పట్టుపోగు వెంట్రుక కాలిన వాసనతో కాలి, నలిపితే పొడి అవుతుంది. రెండు ముక్కల పోగులు మాత్రం కరిగి గట్టి పూసల్లా మిగిలాయి.

"పాతకాలపు పట్టు" పేరుతో వచ్చిన నాలుగు ముక్కల సంగతి ఇంకా విచారకరం. మడత విప్పగానే వాటిలో రెండు ముక్కలు చీలికలైపోయాయి. పట్టుపోగుకు సహజంగా ఉండే జిగురును తీసేస్తే పట్టు తన బరువులో సుమారు నాలుగో వంతు కోల్పోతుంది. పట్టును తూకం మీద అమ్మేవారు కాబట్టి, ఆ లోటు పూడ్చడానికి 19వ శతాబ్దపు మిల్లులు తగరం, ఇనుము వంటి లోహాల లవణాలను బట్టకు పట్టించేవి. కాలం గడిచేకొద్దీ అటువంటి బట్ట తనంతట తానే పగిలిపోతుంది. పాత క్విల్ట్‌లలో పక్కనున్న వెల్వెట్ ముక్క చెక్కుచెదరకుండా ఉండగా పట్టు మాత్రం పీలికలు కావడానికి ఒక ముఖ్య కారణం ఇదే. కిట్టు అమ్మేవారు ఈ విషయం ఒక్క వాక్యంలోనైనా హెచ్చరించి ఉండవలసింది. చీలిపోకుండా మిగిలిన రెండు ముక్కల మీద సన్నని నెట్ బట్ట పరచి కుట్టాను.

మెచ్చుకోవలసినవి అడుగుబట్ట, దారాలు. ఎనిమిది రంగుల మెలితిప్పిన నూలుదారం రంగు వదలలేదు, చిక్కు పడలేదు. ఫెదర్ స్టిచ్ దానితో పొంగి నిలబడింది. ముక్కల మీద కుట్టుకోవడానికి ఇచ్చిన సాలెగూడు నమూనా కూడా ముచ్చటగా ఉంది. ఆనాటి క్విల్ట్‌లలో అదృష్టచిహ్నంగా దానిని కుట్టేవారు.

కుట్టడం బొత్తిగా కొత్త అయినవారికి ఈ కిట్టు అక్కరకు రావచ్చు. ఇంట్లో బ్లౌజు పీసుల మూట ఉన్నవారు దారాలు విడిగా కొనుక్కోవడం మేలు. నా క్విల్ట్ మధ్యలో ఇప్పుడున్న అయిదు మూలల ముక్క, అమ్మ ధర్మవరం చీర జాకెట్టు చేతిలోనిది. ఆమె అడగకుండానే కోసి ఇచ్చింది.